ఎండకాలపు సూడి: ఒక వాక్యానికి ప్రతిపద వ్యాఖ్యానం

"ఎండకాలం ఎదకొచ్చిన ఆవుకు సూది ఇప్పించినా సూడి నిలవదు."

వరంగల్ చుట్టుపక్కల పాడి ఉన్న ఏ ఇంటికి పోయినా వినపడే మాట ఇది. పర్వతగిరిలో, నర్సంపేటలో, వర్ధన్నపేటలో పాలకేంద్రం ముందు క్యాన్లు దించుతూ అంటారు. ఎవరూ కాదనరు. మొత్తమ్మీద మాట నిజమే. కానీ "ఎండకాలం కదా, ఏం చేస్తాం" అని చేతులు ముడుచుకోవడానికి ఈ వాక్యం బాగా పనికొస్తుంది. అదే దీంతో నాకున్న పేచీ. ఎక్కడ ఏది చెడుతుందో విడదీసి చూస్తే చేయగలిగింది కొంత మిగులుతుంది. అందుకే పాత వ్యాఖ్యాతల పద్ధతిలో పదం పదం విప్పి చూద్దాం.

ఎండకాలం

మనకు ఎండకాలం అంటే ఉగాది దాటాక మొదలై, రోహిణి కార్తెలో రోళ్లు పగలగొట్టి, మృగశిరతో ముగిసేది. ఆవు లెక్క వేరు. దాని ఒంటికి ఎండ ఒక్కటే కాదు, గాలిలోని తేమ కూడా భారమే. ఈ రెండింటినీ కలిపి ఒక అంకెగా చెప్పే సూచీ ఉంది. పశువైద్యులు దాన్ని టీహెచ్ఐ అంటారు. ఆ అంకె 72 దాటితే పాడి ఆవుకు ఇబ్బంది మొదలవుతుందని చాలాకాలంగా లెక్క. ఎక్కువ పాలిచ్చే ఆవులకు 68 దగ్గరే మొదలవుతుందని తర్వాతి పరిశోధనలు చెప్పాయి.

లెక్క కట్టి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 25 డిగ్రీల వేడి, 60 శాతం తేమ ఉంటే మనం హాయిగా ఉందనుకుంటాం. సూచీ అప్పటికే 73కు చేరింది. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలు, తేమ 30 శాతం అనుకుంటే 86. జులైలో ముసురు పట్టి 32 డిగ్రీలు, తేమ 75 శాతం ఉన్న రోజున 85. మొదటి వాన పడగానే మనం ఊపిరి పీల్చుకుంటాం, కొట్టంలో ఫ్యాను కట్టేస్తాం. ఆవుకు మాత్రం ఒక్క అంకె తేడాయే వచ్చింది. ఉక్కపోతలో చెమట ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లార్చదు.

రాత్రి సంగతి ఇంకా ముఖ్యం. డిసెంబరు మధ్యాహ్నం 29 డిగ్రీలు, 45 శాతం తేమ ఉంటే సూచీ 76 వస్తుంది. అంటే మన చలికాలపు పగలు కూడా పాడి ఆవుకు పూర్తి సుఖం కాదు. అయినా అప్పుడు సూడి నిలుస్తుంది. రాత్రి 16 డిగ్రీలకు దిగి సూచీ 60 దగ్గరికి పడిపోతుంది గనక, పగలు ఒంట్లో చేరిన వేడిని ఆవు రాత్రంతా వదిలించుకుంటుంది. మేలో అర్ధరాత్రి 28 డిగ్రీలు, తేమ 50 శాతం అనుకుంటే మళ్లీ అదే 76. మే నెల అర్ధరాత్రి, డిసెంబరు మిట్టమధ్యాహ్నం ఆవుకు ఒకటే. పగటి ఎండ ఒక్కటే చూసి రాత్రిని లెక్కలోకి తీసుకోకపోతే ఈ పదం సగమే అర్థమైనట్టు.

అంకెలు అక్కర్లేదు, కొట్టంలోకి పోయి నిలబడితే చాలు అంటారా? అదీ సరే. మధ్యాహ్నం మూడింటికి రేకుల కింద కట్టేసిన సంకర జాతి ఆవు డొక్కను చూడండి. గడియారం పెట్టుకుని నిమిషానికి ఎన్నిసార్లు ఎగిసిపడుతోందో లెక్కపెట్టండి. మామూలుగా ముప్పై లోపు ఉంటుంది. అరవై దాటితే ఒంట్లో వేడి పేరుకుంటున్నట్టే. మెడ ముందుకు చాపి, నోరు తెరిచి, చొంగ కారుస్తుంటే హద్దు దాటింది. థర్మామీటరు పెడితే 101.5 ఉండాల్సింది 103 చూపిస్తుంది. ఆ ఒకటిన్నర డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గరే ఈ వ్యాసం మొత్తం నడుస్తుంది. గర్భాశయం వేడి మామూలు కంటే అర డిగ్రీ సెల్సియస్ పెరిగితే, కృత్రిమ గర్భధారణ సూది వేసిన రోజైతే 13 శాతం దాకా, మర్నాడైతే 7 శాతం దాకా సూడి అవకాశం తగ్గుతుందని 1973లోనే అమెరికా పరిశోధకులు లెక్కగట్టారు. మనకైతే ఆ మాత్రానికి జ్వరం మాత్ర వేసుకోవాలని కూడా తోచదు.

ఈ పదానికి ఇంకొక కొసరు ఉంది. ఎండకాలం బయట ముగిసినా అండాశయంలో ముగియదు. ఈరోజు విడుదలైన అండం నెలల కిందటే పెరగడం మొదలుపెట్టింది. పెరిగే దారిలో వేడి తగిలితే ఆ దెబ్బ దాంతోపాటే వస్తుంది. ఇజ్రాయెల్‌లో ఝెఎవ్ రోత్, డేవిడ్ వుల్ఫెన్సన్ వంటివాళ్లు ఏళ్ల తరబడి చూసింది ఇదే. చల్లబడ్డాక కూడా ఆవుల్లో అండాల నాణ్యత వెంటనే బాగుపడలేదు, రెండు మూడు ఎదలు గడిచాకే కోలుకుంది. మన వానాకాలపు ఉక్క ఎలాగూ ఆవును వదలదు కాబట్టి, ఇక్కడి లెక్కలో ఎండకాలాన్ని దసరా దాకా సాగదీసుకోవడమే న్యాయం.

ఎదకొచ్చిన

నిజానికి సగం పోరాటం ఇక్కడే ఓడిపోతాం, ఎద కనిపించదు గనక. వేడిలో అండకోశం తయారుచేసే ఎద హార్మోను తగ్గుతుంది. పైగా ఆ ఎండకు ఏ పశువూ కదలదు, మరొకదాని మీదికి ఎక్కదు. అమెరికాలోని వర్జీనియాలో హోల్‌స్టీన్ ఆవులను గమనిస్తే, ఒక ఎదలో చలికాలంలో ఎనిమిది తొమ్మిదిసార్లు ఎక్కించుకున్నవి వేసవిలో నాలుగైదు సార్లతో సరిపెట్టాయి. అక్కడ మందలు మందలుగా వదిలేస్తారు గనక ఆ మాత్రమైనా కనబడింది. మన దగ్గర రెండో మూడో ఆవులు, అవీ పలుపుతో గుంజకు కట్టేసి ఉంటాయి. ఎక్కేదెవరు, చూసేదెవరు?

రైతు చూసేది వేరే గుర్తులు: అరుపు, పాలు తగ్గడం, మేత మీద మనసు లేకపోవడం, మాటిమాటికి ఉచ్చ పోయడం, మానం ఉబ్బి తీగలు వేయడం. వేసవిలో తీగలు పలచబడతాయి, ఒక్కోసారి తోకకు అంటి ఎండిపోతాయి. మేత తినకపోవడం, పాలు తగ్గడం ఎండదెబ్బకూ గుర్తులే. దాంతో ఎదేదో ఎండేదో తేలదు. అందుకే తెల్లవారుజామున పాలు పిండకముందు ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి కొట్టంలోకి తొంగిచూడమని పశువైద్యులు చెబుతారు. వేసవి ఎద చల్లని వేళల్లోనే బయటపడుతుంది.

చూసిన వేళను బట్టి సూది వేళ ఉంటుంది. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున. ఈ లెక్కను 1940లలో అమెరికాలోని నెబ్రాస్కాలో ట్రింబర్గర్ తేల్చాడు. ఎద మొదలైన సుమారు 24 నుంచి 30 గంటలకు అండం విడుదలవుతుంది. విడుదలయ్యాక దానికి కొద్ది గంటలే ఆయువు. వేసవి ఎద పొట్టిది కాబట్టి, ఎప్పుడు మొదలైందో తెలియకుండా వేయించిన సూది తరచూ ఆలస్యమవుతుంది. అలాంటప్పుడు ఎండను తిట్టి లాభం లేదు.

ఆవుకు

ఏ ఆవుకు? ఈ వాక్యం ఆ ప్రశ్న వేయదు. హెచ్ఎఫ్ (హోల్‌స్టీన్) సంకర ఆవు, జెర్సీ సంకరం, నాటు ఆవు ఎండను ఒకేలా తట్టుకోవు. పాలు ఎక్కువిచ్చే ఆవు మేత ఎక్కువ తింటుంది, పొట్టలో ఆ మేత పులిసి అరిగేటప్పుడు పుట్టే వేడీ ఎక్కువే. బయటి వేడికి లోపలి వేడి తోడవుతుంది. 2002లో విస్కాన్సిన్ పరిశోధకులు వేసవిలో పడ్డలను, పాలిచ్చే ఆవులను పక్కపక్కన పెట్టి చూశారు. పడ్డల అండాలన్నీ ఫలదీకరణ చెందాయి. పాలిచ్చే ఆవుల్లో 55 శాతమే. అదే ఎండ, అదే ఊరు. తేడా చాలావరకు ఒంట్లో పుట్టే వేడిది.

ఇక నాటు జాతుల సంగతి. మన ఒంగోలు పశువులు సముద్రాలు దాటి బ్రెజిల్‌లో నెల్లోర్ పేరుతో కోట్ల మంద అయ్యాయి. ఆ జాతి ఒళ్లే కాదు, దాని పిండం కూడా వేడికి గట్టిదని ప్రయోగశాలల్లో తేలింది. 41 డిగ్రీల్లో పెట్టినా హోల్‌స్టీన్, ఆంగస్ పిండాలకంటే నెల్లోర్, దాని చుట్టమైన బ్రాహ్మన్ పిండాలు ఎక్కువ నిలిచాయి. ఇది విన్న వెంటనే "అయితే హెచ్ఎఫ్ ఆవుకు ఒంగోలు వీర్యం వేయిస్తే సరి" అనిపిస్తుంది. ఫ్లోరిడాలో అదీ పరీక్షించారు. అండం బ్రాహ్మన్‌దైతే పిండానికి ఆ గట్టిదనం వచ్చింది. అండం హోల్‌స్టీన్‌ది, వీర్యం మాత్రం బ్రాహ్మన్‌ది అయితే రాలేదు. తొలినాళ్ల పిండం తల్లి సరుకుతోనే బతుకుతుంది గనక అలా జరిగిందని అర్థం చేసుకోవాలి. ఆ సరుకు సంగతి కింద వస్తుంది. పుట్టిన దూడ పెరిగి తల్లయ్యాక మాత్రం ఆ రక్తం దానికి అక్కరకొస్తుంది.

బర్రె గురించి ఒక్క మాట. నల్ల తోలు, తక్కువ చెమట గ్రంథులు, మూగ ఎద ఉన్న ముర్రాకు వేసవి ఇంకా కష్టం. బర్రెలు ఎక్కువగా వానలు వెనకబట్టాక, పొద్దు తగ్గే నెలల్లో ఎదకు రావడం రైతులకు కొత్త సంగతేం కాదు. కాకపోతే అందులో పగటి వెలుతురు పాత్ర కూడా ఉంది. ఇక్కడి మాట ఆవుదే కాబట్టి దాన్ని ఇంతటితో వదులుదాం.

సూది ఇప్పించినా

ఇక్కడ ఎక్కువ ఆగక్కర్లేదు. రైతు కోపం మాత్రం చాలాసార్లు ఈ పదం మీదే పడుతుంది. సూది వేసిన గోపాలమిత్ర మీద, లేకపోతే "ఆ మందు" మీద. గడ్డకట్టించిన వీర్యం ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల దగ్గర ఉంటుంది. అక్కడ ఉన్నంతసేపు దానికి కాలం లేదు. కరీంనగర్ వీర్య కేంద్రంలో చలికాలంలో నింపిన స్ట్రాను మే నెలలో వాడినా తేడా ఉండదు. తేడా వచ్చేది దాన్ని బయటికి తీశాక. 37 డిగ్రీల నీళ్లలో అర నిమిషం ఉంచి కరిగించాలి, వెంటనే వేయాలి. ఎండలో బండి మీద పెట్టినా, జేబులో వేసుకుని తిరిగినా వీర్యకణాలు చస్తాయి. క్యానులో నత్రజని మట్టం చూపించమని అడగడంలో తప్పేం లేదు.

ఊరి కోడెను నమ్ముకున్నవాళ్లకు లెక్క వేరే. వృషణాలు ఒంటికంటే నాలుగైదు డిగ్రీలు చల్లగా ఉండాలి. ఒక వీర్యకణం తయారవడానికి 61 రోజులు, బయటికొచ్చే దారిలో పక్వమవడానికి ఇంకో పది రోజులు పడుతుంది. మే ఎండ దెబ్బ కోడెలో జులై దాకా కనబడుతూనే ఉంటుంది. కోడె చూపులకు దిట్టంగానే ఉంటుంది, కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

సూడి

వాక్యానికి గుండెకాయ ఈ పదమే. "సూడి" అని ఒక్క మాటలో అంటాం గానీ దాని వెనుక మూడు వారాల కథ ఉంది. ఆ మూడు వారాల్లో ఒక్కో రోజుకు ఒక్కో బలహీనత.

మొదట అండం. ఎద మొదలైన దగ్గర్నుంచి విడుదలయ్యేదాకా ఉండే ఆ ఒక్క రోజులో అండం తన చివరి విభజన పని చేసుకుంటుంది. 1989లో ఫ్లోరిడాలో ఒక ప్రయోగం చేశారు. ఎక్కువ అండాలు వచ్చేలా మందులిచ్చిన పడ్డలను ఎద మొదలైన దగ్గర్నుంచి పది గంటలు వేడి గదిలో ఉంచారు, తర్వాత చల్లని చోట కట్టేశారు. వారం తర్వాత పిండాలను బయటికి తీసి చూశారు. ఫలదీకరణలో చెప్పుకోదగ్గ తేడా లేదు. బాగున్న పిండాలు మాత్రం చల్లగా ఉన్న పడ్డల్లో 68 శాతం, వేడి తగిలిన వాటిలో 12 శాతం. పది గంటలంటే మన మే నెలలో పొద్దున ఎనిమిదింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా. ఒక్క పగలు. ఈ ప్రయోగం నాకు మిగతా అన్నిటికంటే ముఖ్యమనిపిస్తుంది. అండం వీర్యంతో కలిసింది, కలిశాక చచ్చింది. పైనుంచి చూసేవాడికి సూది దండగైనట్టే కనిపిస్తుంది.

తర్వాత ఫలదీకరణ. ఇది గర్భాశయంలో జరగదు, దాని పైనున్న సన్నని అండవాహికలో జరుగుతుంది. వేడికి కొన్ని అండాలు ఈ మెట్టు దాటవు. పాలిచ్చే ఆవుల్లో అలాంటివి ఎక్కువని విస్కాన్సిన్ లెక్క ఇంతకుముందే చెప్పింది.

ఆపైన మూడు రోజులు. అసలు గండం ఇదే. పిండం ఒక కణం నుంచి రెండు, నాలుగు, ఎనిమిది కణాలవుతుంది. ఎనిమిది, పదహారు కణాల దశకు వచ్చేదాకా దాని సొంత జన్యువులు పూర్తిగా పనిలోకి దిగవు. పుట్టింట్లో కట్టిచ్చిన సద్దిమూటతో దారి నడిచే కొత్త కోడలిలా, అండంలో తల్లి దాచిపెట్టిన సరుకుతోనే నెట్టుకొస్తుంది. వేడి తగిలితే కణాల్లో విషపు ఆక్సిజన్ రూపాలు పెరుగుతాయి, ప్రోటీన్లు ముడుచుకుపోతాయి. పెద్ద కణమైతే రక్షణ ప్రోటీన్లు తయారుచేసుకుంటుంది. ఈ బుల్లి పిండానికి ఆ శక్తి ఇంకా పూర్తిగా రాలేదు. 1993లో అలన్ ఈలీ, పీటర్ హాన్సెన్ బృందం ఫ్లోరిడాలో రోజు రోజుకూ విడివిడిగా పరీక్షించింది. ఎద తర్వాత మొదటి రోజున ఆవుకు వేడి తగిలితే పిండాలు దెబ్బతిన్నాయి. మూడో రోజున, అయిదో రోజున, ఏడో రోజున తగిలిస్తే అంత దెబ్బ కనబడలేదు. రెండు రోజుల తేడాలో పిండం గట్టిపడింది.

నాలుగైదు రోజులకు పిండం గర్భాశయంలోకి దిగుతుంది, వారానికి లోపల నీటి గూడుతో బంతిలా తయారవుతుంది. అప్పటికి వేడికి చాలావరకు తట్టుకుంటుంది. వేసవిలో సూదికి బదులు ఏడు రోజుల పిండాన్నే గర్భాశయంలో పెడితే ఏమవుతుందన్న ఆలోచన అక్కడి నుంచే వచ్చింది. ఫ్లోరిడా వేసవిలో పెట్టి చూస్తే, సూది వేసిన ఆవుల్లో 13.5 శాతం కడితే, పిండమార్పిడి చేసినవాటిలో 29 శాతం కట్టాయి. అలాగని మన రైతు రేపే పిండమార్పిడికి పరుగెత్తాలని నేననను. దాని ఖర్చు, హంగు వేరు. కానీ ఆ రెండు అంకెల మధ్య తేడా ఉందే, తొలి వారంలో వేడి మింగేసేది దాదాపు అంత.

చివరిగా పదిహేను, పదిహేడు రోజుల మధ్య పిండం తల్లికి ఒక కబురు పంపాలి. ఇంటర్‌ఫెరాన్ టౌ అనే ప్రోటీన్ ద్వారా "నేనున్నాను, మళ్లీ ఎదకు రావద్దు" అని చెప్పుకోవాలి. ఎండకు చిక్కిన పిండం పొట్టిగా ఉంటుంది, కబురూ బలహీనంగా ఉంటుంది. గర్భాశయం వినిపించుకోదు, ఎద మళ్లీ వస్తుంది.

నిలవదు

ఎప్పుడు నిలవలేదు? ఈ ప్రశ్నకు జవాబు రైతు గోడ మీది క్యాలెండరులోనే ఉంది. సూది వేయించిన తేదీ, మళ్లీ ఎదకొచ్చిన తేదీ రాసి పెట్టుకుంటే చాలు. 18 నుంచి 24 రోజుల్లో పొర్లితే ఫలదీకరణ జరగలేదు, లేదా పిండం తొలి రెండు వారాల్లో పోయింది. ఈ రెంటికీ తేడా బయటికి తెలియదు. 25 దాటి 35, 40 రోజులకు వస్తే కబురు అందాక పిండం పోయి ఉండొచ్చు, లేదా మధ్యలో ఒక ఎద మన కళ్లు గప్పి పోయి ఉండొచ్చు. పశువైద్యుడికి "మూడుసార్లు పొర్లింది సారూ" అనడం కంటే ఈ తేదీలు చెప్పడం చాలా మేలు. మొదటి మాటతో ఆయన చేయగలిగింది తక్కువ.

మరి ఏం చేయాలి? చల్లార్చే ఏర్పాట్ల పట్టికలు పెద్దవి. పెద్ద ఫారాలు ఫ్యాన్లు, స్ప్రింక్లర్లు పెట్టుకుని మూడు నెలలూ నడిపిస్తాయి. రెండావుల రైతుకు అది చేతకాదు, ఆశించడమూ తగదు. కానీ పైన చెప్పిన లెక్కంతా ఒకచోటికే చేరుతోంది చూడండి. అతి సున్నితమైన కాలం ఎద కనిపించిన పూట నుంచి నాలుగు రోజులు. మూడు నెలలు కాకపోయినా నాలుగు రోజులు ఒక్క ఆవును చల్లగా ఉంచడం ఎవరికైనా సాధ్యమే. ఆ నాలుగు రోజులు రేకుల కింద నుంచి విప్పి వేప చెట్టు కిందికి మార్చండి. పదింటి నుంచి అయిదింటి దాకా గంటకోసారి ఒంటి మీద, ముఖ్యంగా వెన్ను, డొక్కల మీద, చర్మం తడిసేలా నీళ్లు పోయండి. గాలి ఆడనివ్వండి. తలుపులు మూసిన కొట్టంలో నీళ్లు చల్లితే తేమ పెరిగి మొదటికే మోసం. కడుపునిండా చల్లని నీళ్లు పెట్టండి. దాణా చల్లని వేళకు మార్చి, మధ్యాహ్నం పచ్చిమేతతో సరిపెట్టండి. సూది వేయించడానికి ఎండన పడి ఆవును రెండు కిలోమీటర్లు నడిపించుకుపోవడం మాత్రం ఆ రోజు చేయగూడని పని. సూది వేసేవాళ్లనే ఇంటికి పిలవండి.

మిగతా రోజుల్లో రేకుల మీద వరిగడ్డి పరచడం, సున్నం పూయడం వంటివి ఎలాగూ ఉన్నవే. అవి అండాశయంలో పెరుగుతున్న రేపటి అండానికి. ఈ నాలుగు రోజులు నేటి పిండానికి. నాలుగు రోజుల జాగ్రత్తతో అన్ని సూదులూ కడతాయని చెప్పలేం. నెలల కింద తగిలిన దెబ్బ అండంలో అప్పటికే ఉంటే నీళ్లు పోసినా పోదు. కానీ ఎండకు పోయే పిండాల్లో కొన్నైనా దక్కుతాయి.

మామునూరులో పశువైద్య కళాశాల ఉంది, కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. వరంగల్ రైతుకు ఇవి దూరమేం కాదు. పోలేనివాళ్లకు 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్యశాల ఉంది. వేసవిలో రెండు మూడుసార్లు పొర్లిన ఆవును "వట్టిపోయింది" అని అంగడికి తోలేముందు ఒకసారి వైద్యుడితో గర్భాశయం చూపించండి, తేదీలు చెప్పండి. జబ్బేమీ లేదని తేలితే రాత్రులు చల్లబడేదాకా, అంటే నవంబరు దాకా ఆగి, ఇంకో రెండు ఎదలు చూడండి. ఆ తర్వాత కూడా కట్టకపోతే అప్పుడు అమ్ముకోండి.